మ్యూజియం వస్తువులకు వంటింటి తోముడు వద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా మే 18న మ్యూజియం దినోత్సవం జరుగుతుంది. ఆ ముందు వారం ప్రదర్శనశాలల్లో, కాలేజీ అల్మారాల్లో, ఆలయాల భాండాగారాల్లో పాత వస్తువులను బయటికి తీసి శుభ్రం చేస్తుంటారు. స్వచ్ఛత కార్యక్రమాల పేరుతో ఏడాది పొడవునా అదే పని మళ్ళీ మళ్ళీ జరుగుతుంది. శుభ్రం చేయడానికి వచ్చే పిల్లల ఉత్సాహాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. అప్పటికప్పుడు మనిషిని బజారుకు పంపి తెప్పించే సామాను గురించే ఈ ఉత్తరం. చింతపండు, గిన్నెలు తోమే పొడి, పీచు, అద్దాలు తుడిచే నీలం నీళ్ళు, కరోనా నాటి నుంచి మిగిలిన శానిటైజర్. ఇంట్లో ఇత్తడి బిందె తోమడానికి ఇవి చాలు. వందల ఏళ్ళ నాటి వస్తువుకు ఇవే శత్రువులు. బిందె అరిగితే ఇంకోటి కొనుక్కుంటాం. శిల్పం ముక్కు అరిగితే ఏ కొట్లో దొరుకుతుంది?

ముందు మన ఊరి దుమ్ము సంగతి. విశాఖ నుంచి భీమిలి దాకా ఇసుకలో ఎర్రటి, నల్లటి చారలు చూసే ఉంటారు. ఎరుపు గార్నెట్‌ది, నలుపు ఎక్కువగా ఇల్మనైట్‌ది. మిగతాది చాలావరకు క్వార్ట్జ్. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలబద్ద మీద వెండి 2.5–3, ఇత్తడి 3–4, గాజు 5.5 దగ్గర ఉంటాయి. క్వార్ట్జ్ 7. గార్నెట్ 6.5 నుంచి 7.5 దాకా. అంటే బీచ్ రోడ్డు గాలికి కిటికీలోంచి వచ్చి వస్తువు మీద వాలిన రేణువుల్లో చాలావరకు ఆ వస్తువు కంటే గట్టివి. వాటి మీద పొడి గుడ్డ పెట్టి గట్టిగా తుడిస్తే ఉప్పుకాగితంతో రుద్దినట్టే. గీతలు ఆ రోజు కనిపించవు. పదేళ్ళు రోజూ తుడిచాక వస్తువు మసకబారిందని తెలుస్తుంది, అప్పుడు మెరుగు పెట్టాలని ఇంకో పొడి తెస్తారు.

కాబట్టి దుమ్మును తుడవకూడదు, ఎత్తాలి. చిత్రకారులు వాడే వెడల్పాటి మేక వెంట్రుకల కుంచె ఒకటి, సన్నని పనికి ఇంకొకటి చాలు. కుంచెకు వెంట్రుకలు బిగించిన చోట రేకు పట్టీ ఉంటుంది. చెయ్యి జారినప్పుడు అదే గీస్తుంది గనుక దాని చుట్టూ గుడ్డ టేపు చుట్టాలి. రెండో చేతిలో వాక్యూమ్ గొట్టం. పీల్చే బలాన్ని తగ్గించుకునే వీలున్నదీ, అతి సన్నని దుమ్మునూ పట్టే హెపా ఫిల్టర్ ఉన్నదీ కావాలి. ఫిల్టర్ లేని మామూలు యంత్రం ముందు నుంచి పీల్చిన సన్నని దుమ్మును వెనక నుంచి గదిలోకే వదులుతుంది. గొట్టం మూతికి నైలాన్ నెట్ గుడ్డ కట్టాలి, ఊడిన పెచ్చు ఏదైనా ఉంటే అక్కడే ఆగుతుంది. మూతిని వస్తువుకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో ఆపి, కుంచెతో దుమ్మును అటు తోలాలి. ఈకల కుచ్చు వద్దు. విరిగిన ఈక పుల్ల గీస్తుంది, పెచ్చులూడే రంగును పట్టి లాగుతుంది. మైక్రోఫైబర్ గుడ్డ అద్దాల పెట్టెకు మంచిదే, లోపలి వస్తువుకు మాత్రం వద్దు. దాని నూలుపోగులు సన్నని అంచులకు తగులుకుంటాయి. పాత పంచె ముక్క మెత్తగా ఉంటుంది. అయితే గంజి, నీలిమందు లేకుండా నాలుగైదు సార్లు ఉతికి ఉండాలి. గంజి వాసనకు బొద్దింకలు, వెండిచేపపురుగులు రావడం ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది.

పెట్టె అద్దం తుడిచేటప్పుడు మందును అద్దం మీద చల్లకూడదు, గుడ్డ మీద చల్లుకోవాలి. అద్దం మీద చల్లింది అంచుల సందులోంచి లోపలికి దిగుతుంది. దాంట్లో అమోనియా ఉంటే లోపలున్న ఇత్తడి వస్తువు ఊరుకోదు.

ఇత్తడికీ అమోనియాకూ ఉన్న వైరం మన దేశం సాక్షిగానే తేలింది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో ఇక్కడి సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో దాచేది. వానలు వెళ్ళాక చూస్తే ఇత్తడి తొడుగులు వాటంతటవే పగిలి ఉండేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, తొడుగు చేసేటప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు, రెండూ కలిసి చేసిన పని అదని 1921లో గానీ అర్థం కాలేదు. సుత్తితో కొట్టి, వంచి చేసిన పాత ఇత్తడి చెంబులోనూ, దీపపు కుందెలోనూ అదే బిగువు ఉంటుంది. ఇత్తడికని అమ్మే ద్రవాల్లో చాలావాటిలో అమోనియా ఉంటుంది. సీసా మూత తీయగానే ముక్కు అదిరితే దాన్ని మ్యూజియంలోకి తీసుకురాకండి.

ఇక చింతపండు. అందులోది టార్టారిక్ ఆమ్లం, నిమ్మకాయలోది సిట్రిక్ ఆమ్లం. రెండూ చిలుమును కరిగిస్తాయి, అందుకే తళతళలాడుతుంది. అయితే ఆ చిలుములోనే వస్తువు వయసు, భూమిలో పడి ఉన్న చోటు, ఒక్కోసారి దాని చుట్టూ చుట్టిన గుడ్డ నేత ముద్ర కూడా ఉంటాయి. అది వదిలితే మళ్ళీ రాదు. పైగా చింతపండులో ఉప్పు కలిపి తోమే అలవాటు ఒకటుంది. ఉప్పులోని క్లోరైడ్ కంచు రంధ్రాల్లోకి దిగిందంటే ఇక దాన్ని బయటికి లాగడం నెలల పని. సముద్రం పక్కన ఉన్నందుకు గాలి ఎలాగూ క్లోరైడ్ మోస్తూనే ఉంటుంది. మన చేత్తో ఇంకొంత రుద్దడం ఎందుకు?

కంచుకు వచ్చే ఈ జబ్బు గురించి కాస్త వివరంగా చెప్పాలి, మన తీరంలో ఎక్కువగా గుర్తుపట్టాల్సింది ఇదే. మామూలు చిలుము గట్టిగా, నున్నగా, ముదురు ఆకుపచ్చగా లేదా గోధుమరంగులో ఉంటుంది. అది వస్తువుకు చర్మం లాంటిది, దాని జోలికి పోకూడదు. జబ్బు చిలుము లేత పచ్చగా, పిండిలా ఉంటుంది, వేలికి అంటుతుంది, చిన్న చిన్న గుంటల్లోంచి పొంగినట్టు కనిపిస్తుంది. లోపల ఉన్న క్యూప్రస్ క్లోరైడ్ గాలిలోని తేమతో, ఆక్సిజన్‌తో కలిసినప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం కొత్త రాగిని తింటుంది, మళ్ళీ క్లోరైడ్ తయారవుతుంది. తేమ ఉన్నంతకాలం ఈ చక్రం ఆగదు. గాలిలో తేమ 40 శాతం లోపు ఉంటే దాదాపు నిద్రపోతుంది. మన ఊళ్ళో 70 శాతం దాటని రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అనుమానం ఉంటే వస్తువును మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, దానికి తగలకుండా ఒక పక్కన తడి దూది పెట్టి, రెండు మూడు రోజులు ఉంచి చూడాలి. కొత్తగా లేతపచ్చ చుక్కలు లేస్తే జబ్బు ఉన్నట్టే. వెంటనే తడి దూది తీసేసి, అదే డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ పెట్టాలి. లీటరు జాగాకు కనీసం 20 గ్రాములు, అంటే పది లీటర్ల డబ్బాకు 200 గ్రాములు. ఒక చిన్న తేమ మీటరు కూడా లోపల పెట్టాలి. నీలం రంగు జెల్‌లో కోబాల్ట్ ఉంటుంది, అది ఆరోగ్యానికి మంచిది కాదు గనుక నారింజ రంగుది కొనండి. రంగు మారినప్పుడు ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. ఆ తర్వాత రాగి తినిపోకుండా ఆపే బెంజోట్రయాజోల్ అనే మందుతో చేసే చికిత్స నిపుణుల పని. ఆ మందు విషపూరితం, యూట్యూబ్ చూసి ఇంట్లో చేసేది కాదు. మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలో కంచు విగ్రహాల కోసం రసాయన ప్రయోగశాల 1930లోనే మొదలైంది. అప్పటికి విశాఖ కూడా ఆ రాష్ట్రంలోదే. అంటే ఈ విద్య మనకు కొత్తది కాదు.

వెండి నల్లబడితే టూత్‌పేస్టు పెట్టే చిట్కా ప్రతి ఇంట్లోనూ ఉంది. టూత్‌పేస్టులో రుద్దడానికి వేసే సిలికా వెండి కంటే గట్టిది. తప్పనిసరి అయితే అవక్షేపిత సుద్దను, అంటే మెత్తని కాల్షియం కార్బొనేట్ పొడిని, సగం డిస్టిల్డ్ నీళ్ళు సగం ఇథనాల్ కలిపి పలుచని ముద్ద చేసి, దూది పుల్లతో అద్దాలి. సుద్ద గట్టిదనం 3, వెండికి దగ్గరిది గనుక తక్కువ అరుగుతుంది. ఎంత తక్కువైనా అరుగుదల అరుగుదలే. వెండి పూత వేసిన వస్తువైతే నాలుగు తోముళ్ళకే లోపలి ఇత్తడి కనిపిస్తుంది. మెరుగు పెట్టే పని ఏడాదికోసారి జరిగేది కాకూడదు. వెండి దగ్గర రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డ, లేటెక్స్ తొడుగులు ఉంచకపోతే నల్లబడటమే తగ్గుతుంది, వాటిలోని గంధకమే దానికి కారణం. చేతికి పొడి లేని నైట్రైల్ తొడుగులు వేసుకోవాలి. తెల్ల నూలు తొడుగులు ఫొటోలో బాగుంటాయి గానీ నున్నని వస్తువు వాటిలోంచి జారిపోతుంది.

నీళ్ళ విషయంలో ఒక్క మాట చాలు: కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు వద్దు. వాటిలో క్లోరిన్, ఉప్పు, సున్నం ఉంటాయి. బ్యాటరీ షాపుల్లో అమ్మే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోవచ్చు, కానీ ఫిల్టర్ అమ్మేవాళ్ళ దగ్గరుండే, నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరుతో ప్రతి క్యాన్‌నూ చూసుకోవాలి. 5 లోపు రావాలి. అదే షాపులో అలాంటి క్యాన్లలోనే బ్యాటరీ యాసిడ్ కూడా ఉంటుంది. ఆమ్లం ఉందో లేదో చూపే పీహెచ్ కాగితం ముంచకుండా ఏ క్యాన్‌నీ వాడకండి.

సబ్బు అవసరమైతే గిన్నెలు కడిగే ద్రవం అస్సలు వద్దు. అందులో సువాసన, రంగు ఉంటాయి, చిక్కదనానికి ఉప్పు కలిపేవి చాలా ఉన్నాయి. మళ్ళీ క్లోరైడ్ కథే. నాన్-అయానిక్ డిటర్జెంట్, అంటే నీటిలో అయానులుగా (విద్యుదావేశమున్న కణాలుగా) విడిపోని సబ్బు ద్రవం కొనాలి. 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ నీటికి అర మిల్లీలీటరు చాలు. అది తేనెలా చిక్కగా ఉంటుంది, చుక్కల లెక్క కుదరదు, సిరంజితో మెల్లగా లాగండి. ఇన్నాళ్ళూ ఈ పనికి పేరున్న ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్‌ను జీవుల హార్మోన్లకు చేటు చేస్తుందని ఐరోపాలో 2021 నుంచి కట్టడి చేశారు, కొత్తగా కొనేవాళ్ళు వేరే రకం అడగడం మంచిది. కుంకుడుకాయ సంగతి చాలామంది అడుగుతారు. పట్టుచీరకు మెత్తనిదే. కానీ ఒక్కో కాయలో గాఢత ఒక్కో రకం, కొంత ఆమ్ల గుణం ఉంటుంది, గోధుమరంగు మరక వదులుతుంది. మ్యూజియం వస్తువుకు దాన్ని నమ్ముకోలేం.

చదువరులు నవ్వుకోవడానికి ఒక మాట. ప్రపంచంలో పెద్ద పెద్ద మ్యూజియంల నిపుణులు చిన్న మురికి మచ్చలకు ఉమ్మి వాడతారు. దూది పుల్ల నోట్లో తడిపి మచ్చ మీద దొర్లిస్తారు. అందులోని అమైలేజ్ అనే ఎంజైము, వేడి లేకుండా, గాఢమైన ఆమ్లం లేకుండా మురికిని వదిలిస్తుంది. దీన్ని పరీక్షించి చూపిన పోర్చుగీసు పరిశోధకులకు 2018లో ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. ఎంగిలి అని మనం ముఖం చిట్లిస్తాం, దేవుడి విగ్రహం దగ్గర ఆ ఊసే ఎత్తలేం. నష్టం లేదు, డిస్టిల్డ్ నీటితో చాలా పని అవుతుంది.

మన జిల్లాల సొత్తు ఏటికొప్పాక లక్క బొమ్మల గురించి ప్రత్యేకంగా రాయాలి. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చాక ప్రతి ప్రదర్శనలోనూ ఉంటున్నాయి. అంకుడు కర్రను తిప్పుతూ దాని మీద రంగు కలిపిన లక్క ఒరిపిడి వేడికి కరిగేలా రుద్దుతారు. లక్క నీళ్ళలో కరగదు, ఆల్కహాల్‌లో చక్కగా కరుగుతుంది. శానిటైజర్ అంటే 70 శాతం ఆల్కహాల్. ఒక్క తుడుపుకే బొమ్మ మెరుపు పోయి జిగటవుతుంది, శానిటైజర్‌లోని గ్లిజరిన్ దాని మీదే మిగిలి దుమ్మును పట్టుకుంటుంది. సబ్బు నీళ్ళు, సోడా కూడా ప్రమాదమే, క్షారంలోనూ లక్క కరుగుతుంది. పసుపుతో రంగు వేసిన బొమ్మకు క్షారం తగిలితే ఏమవుతుందో మన ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు: పసుపులో సున్నం కలిపితే ఏమవుతుందో అదే, ఎర్రబడుతుంది. పాత లక్క బొమ్మకు మెత్తని కుంచె. మొండి మురికి ఉంటే డిస్టిల్డ్ నీటిలో ముంచి బాగా పిండేసిన దూది పుల్ల, వెంటనే పొడి పుల్ల. అంతకు మించి ఏమీ వద్దు.

ఇథనాల్ అన్నిటికీ చెడ్డదని కాదు. గంటంతో గీసి మసి పూసిన తాళపత్రాలను, ఆంధ్ర విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నలాంటివాటిని, కుంచెతో దులిపాక కొద్దిగా నీళ్ళు కలిపిన ఇథనాల్‌తో తుడవొచ్చు. ముందు ఏదో ఒక మూల అక్షరం మీద పరీక్షించాలి, దూదికి నలుపు అంటితే ఆపేయాలి. సిరాతో రాసిన, రంగులు వేసిన ఆకులకు తడి ఏదీ తగలకూడదు. ఒకే మందు ఒక వస్తువుకు వైద్యం, పక్కదానికి విషం. అందుకే వస్తువును చూడకుండా సామాను కొనకూడదంటున్నాం.

గుడ్డల గురించి క్లుప్తంగా: జరీ పట్టును తడపవద్దు. నైలాన్ నెట్ పరిచి దాని మీదుగా తక్కువ బలంతో వాక్యూమ్ పట్టండి. రాయి విషయానికొస్తే, మన కొండల ఖొండలైట్ రాతిలో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం కాలం గడిచేకొద్దీ మట్టిగా మారుతుంది. ప్రెషర్ వాషర్ పెడితే ఆ మట్టి కొట్టుకుపోయి, దానిలో ఇరుక్కున్న రేణువులు రాలిపోతాయి. సున్నపురాయి శిల్పం మీద బాత్రూము యాసిడ్ పడితే బుసబుస పొంగుతుంది, ఆ నురగంతా శిల్పమే.

రాయి మీదా, సున్నపు గార మీదా మురికికి ఇప్పుడు మంచి పద్ధతి జెల్. అందరికీ తెలిసిన సామానే, ఫలూదాలో వేసే చైనా గ్రాస్, అంటే సముద్రంలో పెరిగే ఎర్ర నాచు నుంచి తీసే అగర్. చక్కెర, రంగు కలపని పొడి కొనాలి, ప్యాకెట్ వెనక చదవండి. 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ నీటిలో 3 గ్రాములు చల్లి, తెర్లే దాకా కాచి, తేటగా అయ్యాక పళ్ళెంలో 3 నుంచి 5 మిల్లీమీటర్ల మందాన పోయాలి. చల్లారి గట్టిపడ్డాక ముక్కలు కోసి మురికి మీద ఐదు నుంచి పది నిమిషాలు ఉంచి తీయాలి. జెల్ నీటిని ఒక్కసారి వదలదు, మెల్లగా తడిపి మురికిని తనలోకి లాక్కుంటుంది. రాయి లోపలికి నీళ్ళు ఎక్కువగా దిగవు. తీసిన ముక్క పసుపుగానో నల్లగానో మారితే పని జరిగినట్టు. మురికికి బదులు వస్తువు రంగే జెల్‌లో కనిపిస్తే ఆపేయాలి. మన ఎండకు రెండో రోజుకే బూజు పడుతుంది, ఏ రోజు జెల్ ఆ రోజే చేసుకోండి.

ఏ మందైనా సరే మొదట వస్తువు అడుగునో వెనకో, కంటికి కనబడని చోట, 5 మిల్లీమీటర్ల మేర పరీక్షించాలి. వెదురు కబాబ్ పుల్లకు మందుల షాపు దూదిని మొన పూర్తిగా మునిగేలా చుట్టుకోండి. చెవి దూదిపుల్లల్లో జిగురు ఉంటుంది, అసిటోన్ లాంటి ద్రావకం తగిలితే కరిగి వస్తువుకు అంటుతుంది. పుల్లను తడిపి, బ్లాటింగ్ కాగితం మీద ఒత్తి, వస్తువు మీద దొర్లించాలి, రుద్దకూడదు. ఒకసారి దొర్లించిన పుల్లను పారేయాలి, తిరిగి గిన్నెలో ముంచితే మురికి గిన్నెంతా పాకుతుంది. ప్రతి పుల్లనూ భూతద్దంతో చూడాలి. బూడిదరంగు వస్తే మురికి, ఎరుపు పచ్చ వస్తే అది వస్తువు రంగు. ముందు పొడి కుంచె, అది చాలకపోతే నీళ్ళు, అదీ చాలకపోతే డిటర్జెంట్, చివరికి ద్రావకం. ఏ మెట్టు దగ్గర పని అయితే అక్కడే ఆగాలి. మ్యూజియంలోని వేట జంతువుల తలలకు మాత్రం చెయ్యి పెట్టవద్దు, పాతవాటికి పురుగు పట్టకుండా ఆర్సెనిక్ అనే విషం పూసే అలవాటు ఉండేది. తొడుగులు, మాస్కు లేనిదే దగ్గరికి పోకూడదు.

మా విన్నపం ఇది. బీచ్ రోడ్డులో డచ్ వాళ్ళ పాత బంగళాలో నడిచే విశాఖ మ్యూజియం నుంచి పల్లె గ్రంథాలయం దాకా, పాత వస్తువులున్న ప్రతి చోటా శుభ్రతా సామాను కొనే ముందు ఒక పుస్తకం తెరవాలి. ఏ వస్తువు, దేనితో చేసింది, దానికి ఏ సామాను వాడాం, ఏ పాళ్ళలో, ఎవరు పరీక్షించారు, ఏ తేదీన అన్నది రాయాలి. స్వచ్ఛత రోజున వచ్చే పిల్లలకు నేల, కిటికీలు, పెట్టెల అద్దాలు అప్పగించండి. వస్తువులను మాత్రం ఇవ్వకండి. లక్నోలో 1976 నుంచి ఉన్న జాతీయ సాంస్కృతిక సంపద సంరక్షణ పరిశోధనాలయం, మైసూరులోని దాని ప్రాంతీయ కేంద్రం, హైదరాబాద్ సాలార్ జంగ్ మ్యూజియం ప్రయోగశాల ఈ పనిలో ఆరితేరినవి. పని ఆరంభించే ముందు ఫొటోలతో ఉత్తరం రాసి అడగండి.

ఇప్పటికే చింతపండు పడిన కంచు, ఇత్తడి వస్తువులుంటే కంగారుపడి మళ్ళీ తోమకండి. వాటి మీద రంగు, పొదుగుడు, చెక్క పిడి లాంటివి లేవని చూసుకుని, డిస్టిల్డ్ నీళ్ళు మూడు నాలుగు మార్లు మార్చి కడగాలి. చివరిగా కడిగిన నీటిని టీడీఎస్ మీటరుతో చూసి, అంకె కొత్త నీటితో సమానం అయ్యేదాకా ఆగకండి. ఆనక ఇథనాల్‌తో తుడిచి, ఎండలో కాకుండా ఫ్యాను గాలికి ఆరబెట్టి, సిలికా జెల్ డబ్బాలో పెట్టి, నెల రోజుల పాటు వారానికోసారి లేతపచ్చ చుక్క కోసం చూడండి.

ఇట్లు,
వస్తు సంరక్షణ పని తెలిసిన కొందరు,
విశాఖపట్నం